ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నానమ్మ మాత్రం కాలు కింద పెట్టలేకపోతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. పోయిన మంగళవారం బండి మీద నుంచి పడ్డాడు. పడేటప్పుడు కుడి అరచెయ్యి నేలకి ఆనించాడట. ఎక్స్‌రే తీసి ‘విరగలేదు, బెణికింది’ అని క్రేప్ బ్యాండేజీ చుట్టి మాత్రలిచ్చారు. ‘నొప్పి అలాగే ఉంటే పడిన రోజు నుంచి రెండు వారాలకి మళ్లీ రండి, ఇంకో ఎక్స్‌రే తీద్దాం’ అన్నారు. ఒకసారి ఏమీ లేదన్నాక మళ్లీ ఎందుకు? డబ్బు కోసమేనా? వాపు తగ్గింది గానీ బొటనవేలి మొదట్లో నొప్పి పోలేదు. బండి తాళం తిప్పలేకపోతున్నాడు. పెదనాన్న పుత్తూరు వెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు. వాడి స్నేహితులు నేరుగా ఎంఆర్‌ఐ తీయించమంటున్నారు. ఎక్స్‌రేలు ఎక్కువైతే క్యాన్సర్ వస్తుందని అమ్మ భయం. ఫిల్మ్ ఫొటో తీసి పంపుతున్నాను, మీరు చూసి చెప్పండి.

అన్నట్టు, నానమ్మ కూడా శనివారం బాత్రూంలో జారి పడింది. డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడకీ ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. కానీ కాలు కింద పెట్టలేకపోతోంది. వయసు కదా, మెల్లగా తగ్గుతుందిలే అనుకుంటున్నాం.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం దాదాపు మొత్తం తమ్ముడి చెయ్యి గురించే. నానమ్మ గారి సంగతి చివర్లో నాలుగు ముక్కలు. చదవడం అవగానే మీరిచ్చిన నంబరుకి నేను ఫోన్ చేసింది ఆ నాలుగు ముక్కల కోసమే. ఆవిణ్ణి లేపి నడిపించొద్దు, కాలికి నూనె రాయొద్దు, రేపటిలోగా ఎంఆర్‌ఐ గానీ సీటీ గానీ తీయించండి అని చెప్పాను. మర్నాడు సాయంత్రం మీరే ఫోన్ చేసి, తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటి కీలులో కూర్చునే బంతికి (దాన్నే ఎముక తల అంటాం) కింద ఉండే సన్నటి భాగంలో, పగులు కనబడిందని, ఎముక ఇంకా పక్కకి జరగలేదని, ఆ మర్నాడే స్క్రూలు వేస్తామన్నారని చెప్పారు. ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నిలబడ్డారని విని నా మనసు కుదుటపడింది. మీ ఉత్తరం అచ్చువేసుకోవడానికి ఒప్పుకున్నారు కాబట్టి, ఇలాంటి పరిస్థితే ఉన్న మిగతా ఇళ్లవాళ్ల కోసం వరుస మార్చి ముందు ఆవిడ సంగతి రాస్తాను. తమ్ముడి దగ్గరికి తర్వాత వస్తాను.

ఎక్స్‌రే అంటే నీడ. ఎముకలో ఉన్న కాల్షియం కిరణాల్ని ఆపుతుంది, కండ అంతగా ఆపదు, ఆ తేడాయే ఫిల్మ్ మీద తెలుపూ నలుపూ అవుతుంది. పాత ఇళ్లలో చెక్క తలుపులు గుర్తు తెచ్చుకోండి. రెండు చెక్కల మధ్య సందు ఉన్నా, దానికి సూటిగా నిలబడితేనే వెలుగు గీతలా కనిపిస్తుంది. ఒక అడుగు పక్కకి జరిగితే తలుపు మొత్తం ఒకటే పలకలా ఉంటుంది. ఎముకలో పగులూ అంతే. కిరణం ఆ పగులు వెంట సూటిగా పోతే నల్ల గీత పడుతుంది. ఏటవాలుగా పోతే ఏమీ పడదు. విరిగిన ముక్కలు జరిగి ఉంటే ఏ వైపు నుంచైనా తెలుస్తుంది, జరగకపోతేనే చిక్కు.

పెద్దవాళ్ల తుంటిలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎముక గుల్లబారి ఉంటుంది, అంటే నీడే పలచన. దానికి తోడు పడినప్పుడు చాలాసార్లు ఒక ముక్క ఇంకో ముక్కలోకి మేకు దిగినట్టు దిగిపోతుంది. సందు ఏర్పడదు కాబట్టి నల్ల గీత ఉండదు. కాలు పొట్టి అవదు, పాదం పక్కకి తిరిగిపోదు. తుంటి విరిగితే పాదం బయటికి ఒరుగుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఒరగలేదు కాబట్టి విరగలేదనుకుంటారు. విరిగినా జరగని తుంటిలో పాదం మామూలుగానే ఉంటుంది. తుంటి విరిగి ఆసుపత్రికి వచ్చినవాళ్లలో నూటికి రెండు నుంచి పది మందికి మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించదని చెబుతారు. అది చూసేవాళ్ల అశ్రద్ధ అనుకోవద్దు. ఎక్స్‌రేకి ఉన్న హద్దే అది.

మరి దేన్ని బట్టి అనుమానించాలి? మీరు రాసిన మాటను బట్టే. పడకముందు తన పని తాను చేసుకుంటూ తిరిగిన మనిషి, పడిన తర్వాత కాలు కింద పెట్టలేకపోవడం. పడుకున్న చోట మోకాలు వంచకుండా మడమ పైకి ఎత్తలేకపోవడం. గజ్జలో నొప్పి. కొందరికి తుంటి దెబ్బ నొప్పి మోకాల్లో తెలుస్తుంది, అప్పుడు మోకాలికి ఎక్స్‌రే తీసి బాగుందని ఇంటికి పంపుతారు. ఈ లక్షణాలుంటే ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్న మాటతో తృప్తి పడకూడదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది సూటిగా ఉంది: ఎక్స్‌రే మామూలుగా ఉన్నా తుంటి విరిగిందన్న అనుమానం పోకపోతే ఎంఆర్‌ఐ తీయాలి, ఇరవై నాలుగు గంటల్లోపు అది దొరక్కపోయినా, చేయకూడని కారణం ఉన్నా సీటీ తీయాలి.

ఎంఆర్‌ఐ ఎలా పట్టుకుంటుందంటే, అది ఎముక గట్టిదనాన్ని కాదు చూసేది, లోపలి మూలుగని. వయసు మళ్లినవాళ్ల తొడ ఎముకలో మూలుగ చాలావరకు కొవ్వు. పగులు పడగానే అక్కడికి రక్తం, నీరు చేరతాయి. కొవ్వు తెల్లగా మెరిసే చిత్రంలో ఆ చోటు నల్లటి గీతలా విడిపోతుంది. పడిన కొన్ని గంటలకే తెలిసిపోతుంది. సీటీ తొందరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ, చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది. అది కూడా చాలా పగుళ్లు పట్టుకుంటుంది గానీ లోపలి మెత్తటి ఎముకలో మాత్రమే ఉన్న సన్న చీలికను వదిలేయవచ్చు. సీటీలో ఏమీ లేదని వచ్చినా మనిషి నిలబడలేకపోతే నేనైతే ఎంఆర్‌ఐ అడుగుతాను.

ఎంఆర్‌ఐ గదికి ముందు ఒక మాట. పేస్‌మేకర్ ఉంటే తప్పక చెప్పాలి. మన పెద్దావిడలకు తాళిబొట్టుకి నాలుగైదు పిన్నీసులు ఉంటాయి. ఎంఆర్‌ఐ మిషను ఒక పెద్ద అయస్కాంతం, ఇనుము దాని దగ్గర ఎగిరి తగులుతుంది. కొందరు పెద్దావిడలు సూత్రాలు తియ్యనని పట్టుపడతారు. అలాంటప్పుడు కాసేపటికి పసుపుతాడు కట్టి పంపమని నేను చెబుతుంటాను, ఒప్పుకుంటారు. జడపిన్నులు, మొలతాడుకున్న తాయెత్తు, వినికిడి మిషను కూడా చూసుకోవాలి.

తొందర ఎందుకంటారా? తొడ ఎముక తలకి రక్తం ఎక్కువగా మెడ మీదుగానే వెళుతుంది. పగులు జరగకుండా ఉన్నప్పుడు రెండు మూడు స్క్రూలతో సొంత ఎముకను కాపాడుకోవచ్చు. అదే కాలు మీద రెండు రోజులు బలవంతంగా నడిపిస్తే ముక్క జారుతుంది, రక్తనాళాలు తెగుతాయి, అప్పుడు తల తీసేసి బాల్ మార్చాల్సి వస్తుంది. మంచం మీదే ఉంచేస్తే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు. ‘వయసు కదా’ అనే మాట ప్రేమతోనే అంటాం, నేనూ మా అమ్మ విషయంలో అన్నాను. కానీ ఆ మాట చాటున చాలా తుంటి ఎముకలు జారిపోయాయి.

నిలబడిన ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారినట్టే లెక్క. ఆపరేషన్‌తో పని అయిపోలేదు, ఆ గుల్లతనానికి మందు వాడాలి. ఎముక గట్టిదనాన్ని కొలిచే డెక్సా పరీక్ష గురించి డిశ్చార్జి రోజే అడగండి. మీ అమ్మగారికి నెలసరి ఆగిపోయి ఉంటే ఆవిడ ఎముకల గురించి కూడా అదే రోజు అడగండి.

ఇక తమ్ముడు. అతణ్ణి మళ్లీ రమ్మన్న డాక్టరు మంచి డాక్టరు. డబ్బు కోసం కాదు. ఎందుకో చెబుతాను.

బొటనవేలిని బాగా పైకి చాపితే దాని మొదట్లో, మణికట్టు పక్కన ఒక చిన్న గుంట పడుతుంది. ఆ గుంట అడుగున జీడిపప్పు ఆకారంలో, దాదాపు అంతే పరిమాణంలో ఒక ఎముక ఉంటుంది. పేరు స్కాఫాయిడ్. కుర్రవాళ్లు బండి మీద నుంచో క్రికెట్ ఆడుతూనో అరచెయ్యి ఆనించి పడితే మణికట్టు చిన్న ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది ఇదే. చాలాసార్లు ఈ ఎముక నడుము దగ్గర, అంటే మధ్యభాగంలో, సన్నగా పగులుతుంది, ముక్కలు కదలవు. వంకర తిరిగిన ఎముక కాబట్టి మామూలుగా తీసే ఎక్స్‌రేలో ఆ పగులు కిరణానికి సూటిగా రాదు. మొదటి రోజు ఫిల్మ్‌లో ఐదింట ఒకటి దాకా తప్పిపోతాయి. పది పద్నాలుగు రోజులయ్యేసరికి పగులు అంచుల దగ్గర ఎముకను శరీరమే కాస్త కరిగించుకుంటుంది, అంటే మానడానికి ముందు సందు కొంచెం వెడల్పవుతుంది. మొదటి రోజు కనిపించని గీత అప్పుడు కనిపిస్తుంది. ఆ రెండు వారాల గడువు వెనక ఉన్న లెక్క అది.

ఈ జీడిపప్పంత ఎముక గురించి ఇంత పట్టుదల దేనికి? మీది గోదావరి డెల్టా కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. శివారు భూముల బాధ మీ పెదనాన్న గారికి తెలిసే ఉంటుంది. కాలువ మధ్యలో గండి పడితే పైభూములకు నీరు అందుతుంది, చివరి చేలు ఎండిపోతాయి. స్కాఫాయిడ్‌కి రక్తం వేళ్ల వైపు నుంచి ప్రవేశించి వెనక్కి, ముంజేతి వైపుకి పారుతుంది. నడుము దగ్గర విరిగితే ముంజేతి వైపు ముక్క శివారు భూమి అవుతుంది. రక్తం అందక అతుక్కోదు, కొన్నిసార్లు ఆ ముక్క చచ్చిపోతుంది. మొదట్లో నొప్పి తగ్గిపోయినట్టే ఉంటుంది, కుర్రవాడు మర్చిపోతాడు. కొన్నేళ్ల తర్వాత మణికట్టు అరిగిపోయి, బరువు ఎత్తలేక, పంపు కొట్టలేక వస్తాడు. ముప్పై ఏళ్ల వాళ్లకి అరవై ఏళ్ల మణికట్టు ఉండటం నేను ఫిల్ముల మీద చూశాను. వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: అప్పట్లో ఎక్స్‌రే తీశారు సార్, ఏమీ లేదన్నారు.

ఆ డాక్టరుతో నేను విభేదించేది ఒక్క చోటే, క్రేప్ బ్యాండేజీ దగ్గర. ఆ గుంటలో వేలితో నొక్కితే నొప్పి ఉందా? బొటనవేలిని నిలువుగా మణికట్టు వైపు నెడితే నొప్పి ఉందా? ఉంటే, ఎక్స్‌రే ఎలా ఉన్నా, విరిగిందనుకునే చూడాలి. రెండో ఎక్స్‌రే దాకా మోచేతి కిందనుంచి పిండికట్టో, బొటనవేలిని కలిపి పట్టే గట్టి స్ప్లింటో వెయ్యాలి. క్రేప్ వాపుని పట్టి ఉంచుతుందే గానీ ఎముకని కదలకుండా ఆపదు. చివరికి విరగలేదని తేలితే పోయేదేముంది, కొన్ని రోజుల చిరాకు. విరిగి ఉంటే ఆ కొన్ని రోజులే అతుక్కోవడానికి పునాది. కాబట్టి గడువు దాకా ఆగకుండా రేపే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ గుంట చూపించమనండి.

ఎంఆర్‌ఐ వద్దనను. ఖర్చు భరించగలిగితే ఇవాళే తేల్చేస్తుంది, విరగకపోతే కట్టు అవసరం లేకుండా పోతుంది. రోజు కూలీ మీద బతికే మనిషికి రెండు వారాలు చెయ్యి కట్టేసుకోవడం కంటే ఒక ఎంఆర్‌ఐ చవక పడవచ్చు. మీ తమ్ముడు చదువుకుంటున్న కుర్రాడైతే పిండికట్టు వేసుకుని రెండో ఎక్స్‌రే కోసం ఆగినా తప్పేమీ లేదు. రెండూ సరైన దారులే. సరికానిది ఒకటే, ఏ కట్టూ లేకుండా ఏ పరీక్షా లేకుండా ఆగడం. సీటీ ఎప్పుడంటే, పగులు ఉందని తేలాక ముక్కలు ఎంత జరిగాయో కొలవడానికి. ఒక మిల్లీమీటరు జరిగినా స్క్రూ వేయాలా అన్న ఆలోచన మొదలవుతుంది.

మీరు పంపిన ఫొటో చూశాను. ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి తీశారు, వెనక జామచెట్టు కొమ్మలు కూడా పడ్డాయి. దాన్ని చూసి విరిగిందనో విరగలేదనో చెప్పడం మీ తమ్ముడికి అన్యాయం చేయడమే. ఒక్కటి మాత్రం చెప్పగలను. మీరు పంపింది పైనుంచి తీసిన ఒక్క చిత్రమే. పక్క నుంచి తీసినది లేదు. తీయలేదో, మీరు పంపలేదో కనుక్కోండి. ఎముకల ఎక్స్‌రేకి మేం నేర్చుకునే మొదటి పాఠం రెండు వైపులా చూడాలని. మణికట్టులో లూనేట్ అని ఇంకో ఎముక ఉంది, గిన్నెలా ఉంటుంది. దాని చుట్టూ కీలు తప్పితే పైనుంచి తీసిన చిత్రంలో కొద్దిగా గందరగోళంగా అనిపిస్తుందంతే. పక్క నుంచి చూస్తే గిన్నె ఒలికిపోయినట్టు బోర్లా పడి ఉంటుంది. ఈ కీలు తప్పడం మొదటిసారి నాలుగింట ఒకటి తప్పిపోతుందని చెబుతారు. స్కాఫాయిడ్ అనుమానం ఉన్నప్పుడు ఈ రెండూ కాక, చేతిని చిటికెన వేలి వైపుకి వంచి తీసే ప్రత్యేక చిత్రాలు కూడా కావాలి. ‘స్కాఫాయిడ్ వ్యూస్’ అని చీటీ మీద రాయించండి, టెక్నీషియన్‌కి అర్థమవుతుంది.

రెండు వైపుల సంగతి నేను పుస్తకంలో చదివాను గానీ, నా తప్పుతో నేర్చుకున్నాను. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టిన ఒక రైతుని తీసుకొచ్చారు. భుజం నొప్పి. ముందు నుంచి ఒక్క ఎక్స్‌రే తీశారు, చేతి ఎముక పైచివర ఉండే బంతి, అది కూర్చునే గిన్నెకి ఎదురుగానే ఉన్నట్టు కనిపించింది. నేను మామూలుగా ఉందని రాశాను. మూడు వారాల తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. ‘చెయ్యి చాపి అరచెయ్యి పైకి తిప్పలేకపోతున్నాను బాబూ, గుళ్లో తీర్థం కూడా ఎడం చేత్తోనే పట్టాల్సి వస్తోంది’ అన్నారు. ఈసారి చంక వైపు నుంచి తీసిన ఎక్స్‌రేలో భుజం బంతి గిన్నె వెనక్కి జారి ఇరుక్కుపోయి ఉంది.

భుజం జారితే నూటికి తొంభై ఐదు దాకా ముందుకే జారుతుంది, అది చూడగానే తెలుస్తుంది. వెనక్కి జారేవి నూటికి రెండు నుంచి నాలుగు. అవి ఎక్కువగా మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు జరుగుతాయి. ఒంట్లో కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటే చేతిని లోపలికి తిప్పే కండరాలే గెలుస్తాయి, బంతి వెనక్కి తోసుకుపోతుంది. ముందు నుంచి చూస్తే బంతి స్థానం మారినట్టు ఉండదు, ఆకారం మాత్రం మారుతుంది. చెయ్యి లోపలికి తిరిగి బిగుసుకుపోవడం వల్ల గుండ్రంగా కరెంటు బల్బులా కనిపిస్తుంది. నేను చూసిన ఫిల్మ్‌లో ఆ బల్బు ఉంది. నాకు కనిపించలేదు, ఎందుకంటే షాక్ కొట్టిందన్న మాట చీటీ మీద లేదు, నేనూ అడగలేదు. అప్పటికి మామూలుగా లాగి సరిచేసే దశ దాటిపోయి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా ఆయన అరచెయ్యి నాకు గుర్తుంది.

అందుకే చీటీ గురించి ఇంత చెబుతున్నాను. ‘ఎక్స్‌రే, కుడి మణికట్టు’ అని ఒక్క ముక్క రాసి పంపితే ఎక్స్‌రేలు చూసి చెప్పే మేం మణికట్టంతా పైపైన చూస్తాం. ‘అరచెయ్యి ఆనించి పడ్డాడు, బొటనవేలి గుంటలో నొప్పి’ అని, పడి ఎన్నో రోజో కూడా రాస్తే కళ్లు నేరుగా అక్కడికి వెళ్తాయి. డాక్టరు రాయకపోతే మీరే టెక్నీషియన్‌తో చెప్పండి, వేలితో చూపించండి. ముంజెయ్యి విరిగితే పైన మోచెయ్యి, కింద మణికట్టు కూడా ఫిల్మ్‌లో పడ్డాయో లేదో చూడమనండి. ముంజేతిలో ఒక ఎముక విరిగి, రెండోదాని తల మోచేతి దగ్గర కీలు తప్పే దెబ్బ ఒకటుంది. మిలాన్‌కి చెందిన మొంటెజ్జియా అనే డాక్టరు 1814లోనే దాన్ని వర్ణించారు. పిల్లల్లో ఇప్పటికీ విరిగిన ఎముక కనిపించిందన్న సంతృప్తిలో మోచెయ్యి చూడక వదిలేస్తుంటారు. కీలు సరిచేశాక కూడా రెండోసారి ఎక్స్‌రే తప్పదు, కుదురుకుందో లేదో, సరిచేసేటప్పుడు ఏమైనా విరిగిందో తెలియాలి. ఎక్స్‌రే కోసం ఆగకూడని సందర్భం కూడా ఉంది. చీలమండ తిరిగిపోయి చర్మం సాగి తెల్లబడినా, దెబ్బ కింద పాదమో వేళ్లో చల్లబడి నాడి అందకపోయినా, డాక్టరు ముందు కీలు సరిచేస్తారు, ఎక్స్‌రే తర్వాత.

పెదనాన్న గారి మాటకి వస్తాను. పుత్తూరు కట్టుని తీసిపారేసేలా నేను రాయను. తరతరాలుగా ఆంధ్ర నుంచే కాదు, తమిళనాడు నుంచి కూడా జనం అక్కడికి వెళ్తున్నారు. చేత్తో తడిమి ఎముక విరిగిందని కనిపెట్టే విద్య ఎక్కడైనా ఎక్స్‌రే కంటే పాతది. మణికట్టు దగ్గర ముంజేయి ఎముక విరిగే దెబ్బని ఇవాళ ఏ డబ్లిన్ డాక్టరు పేరుతో పిలుస్తున్నామో, ఆ కాలెస్ దాన్ని రాసింది 1814లో. రాంట్‌జెన్ జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఎక్స్‌రే కనుక్కున్నది 1895 నవంబరు 8న. ఎనభై ఒక్క ఏళ్ల ముందే, వేళ్లతోనే పట్టుకున్నారు. కానీ స్కాఫాయిడ్ అలాంటి ఎముక కాదమ్మా. లోపల ఇరుక్కుని ఉంటుంది, పగిలినా ఆకారం మారదు, పట్టుకుని సరిచేయడానికి చేతికి అందదు. ఏ పద్ధతిలో కట్టు కట్టినా ముందు ఏం విరిగిందో తెలియాలి, కట్టాక అతుకుతోందో లేదో మళ్లీ ఫిల్మ్‌లో చూడాలి. ఈ ఎముకకి ఆ రెండూ లేకుండా కట్టించొద్దని పెదనాన్న గారితో నా మాటగా చెప్పండి. తైలం మర్దన అసలు వద్దు. పిండికట్టైనా వెదురు బద్దల కట్టైనా, కట్టాక వేళ్లు ఉబ్బి నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లారే దాకా ఆగకుండా ఆ రాత్రే విప్పించాలి.

అమ్మగారి భయం గురించి. భూమి మీద ఉన్నందుకే మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ తగులుతుంది. మణికట్టు ఎక్స్‌రే ఒక్కటి సుమారు 0.001 మిల్లీసీవర్టు. అంటే ఇంట్లో కూర్చున్నా నాలుగు గంటల్లో వచ్చేదే. నాలుగు చిత్రాలు తీసినా ఒక రోజు వాటా దాటదు. ఈ భయంతో రెండో ఎక్స్‌రే మానొద్దు. కటి భాగానికి సీటీ మాత్రం వేరే లెక్క, కొన్ని మిల్లీసీవర్టులు ఉంటుంది. కుర్రవాళ్లకి ఊరికే తీయకూడదు, డెబ్బై ఎనిమిదేళ్ల నానమ్మ గారి తుంటికి మాత్రం ఆ లెక్కతో వెనకాడకూడదు. ఎంఆర్‌ఐలో ఈ కిరణాలే ఉండవు. ఎక్స్‌రే అక్కర్లేని బెణుకులూ ఉన్నాయి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో చీలమండకి ఒక పద్ధతి ఇచ్చారు: రెండు పక్కలా ఉన్న చీలమండ గుబ్బల వెనక అంచున, కొసన, పాదంలో ఆ పద్ధతి చెప్పే రెండు చోట్ల ఎముక మీద నొక్కితే నొప్పి లేకుండా, నాలుగు అడుగులు వేయగలిగితే ఎక్స్‌రే అవసరం లేదు. అది పెద్దవాళ్ల తుంటికి గానీ మీ తమ్ముడి మణికట్టుకి గానీ వర్తించదు.

తమ్ముడు పడింది మంగళవారం కాబట్టి, రేపు పిండికట్టు వేయించుకున్నా ఎంఆర్‌ఐ లేకపోతే రెండో ఎక్స్‌రే వచ్చే సోమ, మంగళవారాల్లో తీయించండి. కట్టు విప్పి తీయమనండి, దాని మీద నుంచి తీస్తే సన్న గీతలు మసకబారతాయి. మొదటి ఫిల్మ్ కూడా పట్టుకెళ్లండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఆ సెంటర్‌లో చిత్రాల అసలు ఫైల్ సీడీలో గానీ లింకుగా గానీ ఇమ్మనండి, అది నాకు పంపండి. గుంటలో ఇంకా నొప్పి ఉండి, రెండోసారి కూడా ఏమీ కనిపించలేదంటే కట్టు తీసేయనివ్వద్దు, అప్పుడు ఎంఆర్‌ఐ తీయించాల్సిందే. ఏది తేలినా అదే రోజు ఫోన్ చేయండి. నానమ్మ గారు ఎన్ని అడుగులు వేస్తున్నారో కూడా చెప్పండి.